ఫిల్టరుకి దణ్ణం పెట్టి పోయిన నీళ్ళు

మా లాంచీ ట్యాంకులో నీళ్ళు వయసులో నాకంటే పెద్దవి. అందుకే వాటి దగ్గర ఎప్పుడూ మర్యాదగానే ఉండేదాన్ని. మొహం కడుక్కునేటప్పుడు కళ్ళు మూసుకునేదాన్ని, ఊపిరి బిగబట్టేదాన్ని, నోరు మూసుకునేదాన్ని. రోజు మొత్తంలో నేను నోరు మూసుకునేది అప్పుడొక్కసారే అని మా అమ్మ కనిపించినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ నీళ్ళ వాసన ఎలా ఉండేదంటే, తడి తాడునీ పాత టైరునీ కలిపి పెట్టెలో పెట్టి మూతేసి, ఆ పెట్టె సంగతి మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది. రేవులో తిరిగే పిల్లి ఒకటి మా లాంచీ ఎక్కి, గిన్నెలో పోసిన నీళ్ళు వాసన చూసి, ఏమీ అనకుండా దిగిపోయి, ఎదుటి లాంచీలో కాపరం పెట్టింది. ఇప్పటికీ ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది.

మా లాంచీ జనాన్ని రేవు నించి ఎదురుగా ఉన్న దీవికి తీసుకెళ్ళి సాయంత్రానికి తీసుకొస్తుంది. ముందు భాగంలో జనం కూచుంటారు. వెనక గదుల్లో మేం కాపరం ఉంటాం. నడిపేది నాన్న. ఇంజను చూసేది మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. వంట, జనానికి టీలు అమ్మ. తాళ్ళు కట్టడం, టికెట్లు చింపడం, తిట్లు తినడం నేను. నీళ్ళ ట్యాంకు ముందు గది నేల కింద ఉంటుంది. పొద్దున్నే రేవు కుళాయికి గొట్టం తగిలించి దాన్ని నింపుతాం. చేతులు కడుక్కోడానికీ, బట్టలుతకడానికీ ఆ నీళ్ళే.

తాగడానికీ వండడానికీ మాత్రం అమ్మ ఒడ్డు నించి క్యాన్లలో మోసుకొచ్చేది. ఒడ్డుకీ లాంచీకీ మధ్య ఒక చెక్క బల్ల ఉంటుంది, దాని మీద నడిచి రావాలి. నేను మోస్తే సగం నీళ్ళు బల్లకే తాగిస్తానని నాకు ఇచ్చేది కాదు. మావయ్య క్యాను పట్టుకుని వెళ్తే క్యాను సాయంత్రం వచ్చేది, మావయ్య ఆ తర్వాత వచ్చేవాడు. నాన్న అసలు మోసేవాడు కాదు. మోస్తే ఫిల్టరుకి అవమానమట.

ఆ ఫిల్టరు గురించి చెప్పాలి. నేను పదో తరగతి తప్పిన ఏడాది కొన్నాడు నాన్న. ఇంట్లో ఒక్కరైనా నిలబడాలి కదా అని కాబోలు. నీలం రంగు డబ్బా, లోపల లావుపాటి బొగ్గు కడ్డీ. గొట్టంలోంచి వచ్చిన నీళ్ళు ఆ బొగ్గులోంచి దూరి శుభ్రపడి ట్యాంకులోకి పోవాలి. నాన్న రోజూ ఆ డబ్బాని గుడ్డతో తుడిచి, వెనక్కి జరిగి చూసి, "చూడు, ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది" అనేవాడు.

నాన్నకి కొత్త వస్తువంటే ప్రాణం. ప్రాణం కదా అని వాడతాడనుకునేరు, దాచుకుంటాడు. సీట్లకి ఫ్యాక్టరీ నించి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. లాంచీ మలుపు తిరిగితే జనమంతా సర్రున జారి కిటికీ దగ్గర పోగయ్యేవాళ్ళు. కొన్ని సంబంధాలు అలా కుదిరాయని కూడా చెప్పుకుంటారు. వాతావరణం చెప్పే రేడియో సంచీలోంచే మాట్లాడుతుంది. తుఫాను వస్తోందని చెప్పినా, ఎవరో గోనె సంచిలో కూచుని జలుబుతో బాధపడుతున్నట్టే వినిపిస్తుంది.

ఇక ఫిల్టరు ఎక్కడుండాలన్న దాని మీద మావయ్యకీ నాన్నకీ రోజూ గొడవే.

"బావా, ట్యాంకులోకి పోయే ముందు వడపోస్తే ఏం లాభం? లోపలికెళ్ళాక మళ్ళీ పాడవుతాయి. వంటింటి కుళాయి దగ్గర పెట్టు."

"ఇంట్లోకి దొంగ రాకుండా వీధి తలుపుకి తాళం వేస్తారా, పడక గదికి వేస్తారా?"

"దొంగ లోపలే పుట్టి పెరుగుతుంటే వీధి తలుపు ఏం చేస్తుంది బావా?"

"బావమరిది బతక్కోరతాడంటారు. నువ్వు నా ఫిల్టరు చావు కోరుతున్నావు."

ఫిల్టరు ఎక్కడుండాలన్న దాని మీద ఇంత వాదన జరిగింది కాబట్టి, దాని లోపల ఏముందో చూడ్డానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

ఒక సాయంత్రం అమ్మ బల్ల మీద నించి వస్తుంటే మోకాలు పట్టేసింది. క్యాను చేజారి నీళ్ళలో పడి, మెల్లగా తేలుకుంటూ వెళ్ళిపోయింది. అమ్మ అక్కడే నించుని అది కనుమరుగయ్యేదాకా చూసింది. ఎవర్నీ తిట్టలేదు. అమ్మ తిట్టలేదంటే విషయం చెయ్యి దాటినట్టే.

లోపలికొచ్చి కూచుని, "చెప్పుల షాపు పైన గది ఖాళీగా ఉందట" అంది.

"ఉంటే?" అన్నాడు నాన్న.

"అందులో కుళాయి ఉంది."

"మనకీ ఉందిగా."

"ఎందుకు లేదూ, మీ పెద్దక్కలాగా ఉంది. నోరు విప్పితే చాలు, అందరం లేచి బయటికి పోవాలి."

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"చూసొచ్చాను. పగలు ఇక్కడికొచ్చి పని చేస్తాను, పొద్దుగూకాక అక్కడికెళ్ళి పడుకుంటాను. ఎల్లుండి సాయంత్రం తాళం తెస్తానన్నాడు షాపాయన. వద్దంటే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడట. ఈలోగా ఈ కుళాయిలోంచి నేను తాగగలిగిన గ్లాసుడు నీళ్ళు వస్తే సరే. లేకపోతే నేను మొయ్యలేనండి ఇంక."

ఆ తర్వాత ఆ గదిలో కుళాయి గురించి చెప్పడం మొదలెట్టింది. వింటుంటే పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నట్టుంది. మంచి ఎత్తట. తెల్లగా మెరుస్తోందట. తిప్పగానే మాట వింటుందట. రాత్రిళ్ళు కారడంలాంటి చెడలవాట్లేం లేవట. నాన్న ఆ కుళాయి మీద అసూయతో టీలో పంచదార వేసుకుని, వేసుకున్నానని మర్చిపోయి మళ్ళీ వేసుకుని, ఏమీ తెలియకుండా తాగేశాడు.

అమ్మ లోపలికెళ్ళాక నాతో నెమ్మదిగా అన్నాడు. "మీ అమ్మ ఒడ్డు మీద పడుకుంటే ఇది ఉత్త లాంచీయే అమ్మలూ. ఇప్పటిదాకా ఇల్లు."

నాన్న అలాంటి మాటలు అనడు. అన్నాక తనే ఇబ్బంది పడి, వెంటనే "మన ఫిల్టరుకేం లోటు? అటు నించి ఏనుగుని తోసినా ఇటు దోమ కూడా రాదు. మీ అమ్మకి ఉత్త అనుమానం" అన్నాడు.

ఏనుగు నా దగ్గర లేదు. నీలిమందు డబ్బా ఉంది.

మర్నాడు పొద్దున నాన్న గొట్టం తగిలించి, కుళాయి తిప్పడానికి రేవు మీదికి వెళ్ళాడు. నేను ఫిల్టరుకి అవతల, కుళాయి వైపు గొట్టం విప్పి, డబ్బా బోర్లించి, మళ్ళీ బిగించి, చేతులు తుడుచుకుని, ఎప్పుడూ లేని విధంగా చదువుకునే పుస్తకం తీసి కూచున్నాను. మా ఇంట్లో ఎవరికైనా అనుమానం రావాల్సింది అక్కడే. రాలేదు.

నాన్న మొహం కడుక్కున్నాడు. ఆయనా కళ్ళు మూసుకునే కడుక్కుంటాడని చెప్పానుగా, చెప్పకపోతే ఇప్పుడు చెప్తున్నా. కడుక్కుని, తల దువ్వుకుని, నీలం మొహంతో వెళ్ళి చక్రం ముందు కూచున్నాడు. ఎక్కిన జనం ఆయన్ని చూసి, నీలం చొక్కాకి సరిపోయేలా వేసుకున్న యూనిఫాం అనుకుని గౌరవంగా తలూపారు. చేతులు కడుక్కోడానికి వెళ్ళినవాళ్ళు తెల్లగా వెళ్ళి నీలంగా వచ్చారు. మూడో వరసలో తెల్ల గడ్డం పెద్దమనిషి ఒకాయన మొహం కడుక్కొచ్చేసరికి గడ్డం ఆకాశం రంగులోకి దిగింది. ఆయన కిటికీ అద్దంలో చాలాసేపు చూసుకుని, నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇది అందరికీ చేస్తారా, నాకొక్కడికేనా?" అని అడిగాడు. అందరికీ అని చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

న్యాయంగా చెప్పాలంటే లాభం కూడా జరిగింది. అమ్మ ఆ నీళ్ళలో ఉతికిన నాన్న తెల్ల చొక్కా కొన్ననాడు కూడా అంత తెల్లగా లేదు.

జనాన్ని దీవి మీద దించాక మావయ్య ఇంజను గదిలోంచి వచ్చి నాన్నని చూశాడు. కాసేపు చూశాడు.

"బావా, ఒంట్లో బావుందా?"

"బావుంది. ఏం?"

"ఏం లేదు. కాస్త నీలంగా ఉన్నావు."

నాన్న చేతులు చూసుకున్నాడు. కుళాయి తిప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఇంట్లో ఏం జరిగినా చివరికి నన్నే చూస్తారు. అది వాళ్ళకి అనుభవం నేర్పిన పాఠం.

"ఎవరు పోశారు?"

"నేనే."

"ఎంత?"

"డబ్బా."

"డబ్బా అంతానా?"

"పరిశోధన కదా నాన్నా, కక్కుర్తి పడకూడదు."

"ఎందుకు పోశావే?"

"నీ మీద నమ్మకంతో పోశాను. ఏనుగుని తోసినా దోమ రాదన్నావుగా. ఫిల్టరుకి అటు వైపే పోశాను. ఇటు రాకూడదు మరి."

నాన్న తిట్టడానికి నోరు తెరిచాడు. నన్ను తిడితే ఫిల్టరు పనిచెయ్యట్లేదని ఒప్పుకున్నట్టు. పనిచేస్తోందంటే మొహం ఊరుకోదు. మింగలేక కక్కలేక ఆ నోరు అలాగే కాసేపు గాలాడనిచ్చి మూసేశాడు. వంటింటి గుమ్మంలో అమ్మ నించుని అంతా చూస్తోంది. తర్వాత అవతలి ఒడ్డుకేసి చూసింది, చెప్పుల షాపు ఉన్న వైపు.

ఆ చూపు నాన్న కూడా చూశాడు. "విప్పరా దాన్ని" అన్నాడు మావయ్యతో.

మావయ్య నీలం డబ్బా విప్పాడు. లోపలి బొగ్గు కడ్డీ బయటికి తీశాడు. ముగ్గురం ముందుకి వంగాం.

కడ్డీ ప్లాస్టిక్ సంచీలో ఉంది. మూతి బిగించి, ముడేసి, ముడి మీద మళ్ళీ ముడేసి ఉంది. లోపలికి చుక్క తడి పోలేదు. సంచీ అడ్డు రావడంతో కింద రబ్బరు సరిగ్గా కూచోలేదు, ఆ సందులోంచి నీళ్ళన్నీ హాయిగా పక్క నించి వెళ్ళిపోతున్నాయి. ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే నీళ్ళు రావడం, ఫిల్టరుని దూరం నించి చూసి దణ్ణం పెట్టుకోవడం, పక్క దారిన ట్యాంకులోకి పోవడం. అంతే జరిగింది.

"బావా," అన్నాడు మావయ్య చాలా మెల్లగా, "ఈ సంచీ..."

"కొత్తది కదా," అన్నాడు నాన్న.

"కొత్తదే."

"నీళ్ళు తగిలితే మాసిపోతుందని."

మావయ్య కడ్డీని అలాగే పట్టుకుని వెళ్ళి ఇంజను గదిలో తలుపేసుకున్నాడు. లోపల్నించి చాలాసేపు దగ్గు వినిపించింది. దగ్గుకి మధ్య మధ్య ఊపిరి అందని చప్పుళ్ళు కూడా.

నాన్న నీలం మొహంతో మెట్టు మీద కూచున్నాడు. నేను పక్కన కూచున్నాను. ఏదైనా జోకు వేద్దామనుకున్నాను గానీ ఆయన మొహం చూస్తే జోకు ఇప్పటికే వేసేసినట్టుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

మావయ్య ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చి చెప్పాడు. ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యాలి. లోపల దిగి గోడలు రుద్దాలి. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు నింపి ఉంచాలి. పారబొయ్యాలి. వాసన పోయేదాకా మంచి నీళ్ళు నింపడం, పారబొయ్యడం. "పొద్దున మొదలెడితే సాయంత్రం అవుతుంది బావా. రేపు ట్రిప్పు ఉంటే కుదరదు."

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట. జ్వరమొచ్చినా, వానొచ్చినా ఆయన ట్రిప్పు ఆపిన మనిషి కాదు. పెళ్ళి రోజున కూడా ముహూర్తానికి కాస్త టైముందని ఒక ట్రిప్పు వేసొచ్చాడట. అక్షింతల్లో సగం లాంచీ ఇంజను పొగ వాసనొచ్చాయని మావయ్య చెప్తాడు. అమ్మ కాదనదు.

మర్నాడు పొద్దున జనం రేవులో నించున్నారు. ముందు వరసలో తెల్ల గడ్డం పెద్దమనిషి. కాకపోతే ఇప్పుడు నీలం గడ్డం. వెంట ఇంకో గడ్డం స్నేహితుణ్ణి కూడా తెచ్చుకున్నాడు.

నాన్న బల్ల చివర నించుని, గొంతు సవరించుకుని, "ఇవాళ మా లాంచీ రాదండి. ఎదుటి లాంచీ ఎక్కండి" అన్నాడు.

ఎదుటి లాంచీ వాడు ఆ మాట విని, నమ్మలేక, తన లాంచీ అటు పక్కకి కూడా తొంగి చూసి వచ్చాడు, ఏదైనా కుట్రేమోనని.

"ఎందుకు రాదు?" అని అడిగాడు పెద్దమనిషి.

"ఇంట్లో పనుంది," అన్నాడు నాన్న.

వంటింట్లో కూరగాయలు తరుగుతున్న అమ్మ చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, కానీ నెమ్మదిగా.

ట్యాంకు కంతలో పట్టేది నేనొక్కదాన్నే. నాన్న పొట్ట ఒప్పుకోలేదు, మావయ్య భుజాలు ఒప్పుకోలేదు, నేను ఒప్పుకోలేదు. నీలిమందు డబ్బా పేరెత్తగానే ఒప్పుకున్నాను. లోపల గోడలకి పట్టిన జిగురు ఎంతలా పెరిగిందంటే, ఇంకో ఏడాది వదిలేస్తే దాన్ని బడిలో వెయ్యాల్సొచ్చేది. బ్రష్షు పెట్టి రుద్దుతుంటే పైన కంత దగ్గర మావయ్య బోర్లా పడుకుని సలహాలిచ్చాడు.

"కోడలా, మూలలు వదలకు."

"ఇది గుండ్రంగా ఉంది మావయ్యా."

"అయితే అన్నీ మూలలే అనుకో."

అడుగున ఒక చెంచా దొరికింది. నేనే అమ్ముకున్నానని మావయ్య ఊరంతా చెప్పిన స్పానరు దొరికింది. ఒక పన్ను కూడా దొరికింది. మనిషిదే. పైకి అందిస్తే అందరూ దాన్ని చూసి, తమ తమ నోళ్ళలో నాలుక తిప్పి చూసుకున్నారు. అందరివీ సరిపోయాయి. ఆ విషయం తర్వాత ఎవరూ ఎత్తలేదు.

నన్ను పైకి లాగాక బ్లీచింగ్ నీళ్ళు నింపారు. ఉంచారు. పారబోశారు. మంచి నీళ్ళు నింపారు, పారబోశారు. నాన్న ప్రతిసారీ దోసిట్లో పట్టి వాసన చూసి, తల అడ్డంగా ఊపి, "ఇంకోసారి" అనేవాడు. మధ్యాహ్నం దాటేసరికి ఆయన ముక్కుకి ఏ వాసనా తెలియడం మానేసింది. అప్పుడు నా ముక్కు వాడుకున్నాం. అదీ పోయాక మావయ్యది.

చివరికి ఫిల్టరు బిగించే టైమొచ్చింది. మావయ్య కొత్త వాదన ఒకటి సిద్ధం చేసుకుని వచ్చాడు. "బావా, నా మాట విని ఈసారి..."

"నీ ఇష్టమొచ్చిన చోట పెట్టరా," అన్నాడు నాన్న.

మావయ్య నీరుగారిపోయాడు. "అలా ఒప్పేసుకుంటే ఎలా బావా? కాసేపైనా వాదించు."

"నువ్వే కరెక్టు."

"ఛ. పనిలో మజా పోయింది," అని, ఏడుపు మొహంతో వంటింటి కుళాయి కింద ఫిల్టరు బిగించాడు. సంచీ ముడి నాన్నే విప్పాడు. విప్పేటప్పుడు ఆయన మొహం నేను చూడలేదు, చూడదలుచుకోలేదు.

అప్పటికి పొద్దు వాలుతోంది. చెప్పుల షాపాయన తాళం చెవి వేలికి తిప్పుకుంటూ బల్ల మీద నడిచొచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, గది సంగతి?"

"కూచో అన్నయ్యా," అంది అమ్మ. గ్లాసు తీసుకుని కుళాయి దగ్గర నించుంది. "తిప్పండి."

నాన్న తిప్పాడు.

నల్లగా వచ్చింది. మామూలు నలుపు కాదు, అందులో ముంచి ఉత్తరం రాసుకోవచ్చు.

అమ్మ గ్లాసు ఎత్తి వెలుతురులో చూసింది.

"నిన్న నీలం. ఇవాళ నలుపు. రేపు పచ్చ వస్తుందా?"

"బొగ్గు పొడక్కా," అన్నాడు మావయ్య కంగారుగా. "కొత్త బొగ్గు మొదట్లో అలాగే వదుల్తుంది. కాసేపు పోనివ్వాలి."

"మా గదిలో నీళ్ళు..." అని మొదలెట్టాడు చెప్పుల షాపాయన.

"కాసేపు పోనిద్దాం అన్నయ్యా," అంది అమ్మ.

నాన్న అమ్మ మొహం వైపు చూసి, చటుక్కున కుళాయి వైపు తిరిగాడు. నలుపు బూడిద రంగయింది. బూడిద పలచబడింది. తర్వాత తెల్లగా, స్వచ్ఛంగా, దారంలా సన్నగా ఒక్క ధార మిగిలింది. ఈసారి నీళ్ళు నిజంగానే బొగ్గులోంచి దూరి రావాలి కదా, వాటికి అలవాటు లేదు, దారి అడుక్కుంటూ వస్తున్నాయి.

అమ్మ గ్లాసు కడిగి మళ్ళీ కింద పెట్టింది. అది నిండేలోపు చెప్పుల షాపాయన తన ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళ గురించీ, అల్లుళ్ళ ఉద్యోగాల గురించీ, రెండో అల్లుడు ఉద్యోగం మానేసిన కారణం గురించీ పూర్తిగా చెప్పేశాడు. నాన్న మాత్రం గ్లాసులో నీళ్ళు ఎంత పైకొచ్చాయో చూస్తూ, దాంతోపాటే తనూ మునివేళ్ళ మీద పైకి లేస్తున్నాడు.

అమ్మ గ్లాసు తీసుకుంది. వాసన చూసింది. ఒక గుక్క నోట్లో పోసుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, మింగింది. ఇంకో గుక్క తాగింది. తర్వాత మిగిలిందంతా తాగేసింది.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు నాన్న, ఇంకా మునివేళ్ళ మీదే నించుని.

"ఎలా ఏం లేవు. నీళ్ళలాగా ఉన్నాయి."

"అంతేనా?"

"నీళ్ళకి ఇంకేం ఉండాలండీ?" అని, గ్లాసు కడిగి బోర్లించింది. "కానీ ఇంత సన్నగా వస్తే వంట ఎప్పటికయ్యేను?"

"పడుకోబోయే ముందు కింద క్యాను పెట్టి వదిలేస్తాను," అన్నాడు నాన్న గబగబా. "నేనే పెడతాను. రోజూ."

"పెట్టండి. నేను లేచేసరికి నిండి ఉండాలి."

మావయ్య నన్ను మోచేత్తో పొడిచాడు. నేను ఆయన్ని పొడిచాను. నాన్నకి అర్థం కావడానికి ఇంకాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలియక, కుళాయి కట్టేసి, మళ్ళీ తిప్పి, మళ్ళీ కట్టేశాడు.

చెప్పుల షాపాయన తాళం చెవి చూసుకున్నాడు, అమ్మని చూశాడు, తాళం జేబులో వేసుకున్నాడు.

"సరేలే చెల్లెమ్మా. ఇంత దూరం నడిచొచ్చాను, నాక్కూడా ఓ గ్లాసు పట్టండి."

నాన్న గ్లాసు తిప్పి కుళాయి కింద పెట్టాడు. మేమంతా మళ్ళీ కూచున్నాం. షాపాయన ఈసారి మనవళ్ళ దగ్గర మొదలెట్టాడు.